ఎడూక శబ్ద విచారం

చిన్ననాట అమరకోశం వల్లించినవారికి ‘ఎడూకం’ అనే మాట చెవికి క్రొత్త కాదు. ద్వితీయకాండంలోని పురవర్గంలో, గోడకు పేర్లు చెప్పే చోట, భిత్తి, కుడ్యం అనే తెలిసిన మాటల ప్రక్కనే అది వస్తుంది. భిత్తి అన్నా, కుడ్యమన్నా గోడయే. ఆ గోడ లోపల ఎముకలు ఉంచి కట్టితే అది ఎడూకం. అమరసింహుడు చెప్పినది ఇంతే. గోడలో ఎముకలు ఎందుకు ఉంచుతారో, ఎవరి ఎముకలు ఉంచుతారో ఆయన చెప్పలేదు. వల్లెవేసే పిల్లవాడు ఆ ప్రశ్న అడగడు. అడిగినా, తరువాతి శ్లోకం తొందరలో గురువు దానిని దాటవేస్తాడు. నేను కూడా అట్లే దాటి వచ్చినవాడనే.

ఆ ప్రశ్న నన్ను మళ్ళీ పట్టుకొన్నది నలభై ఏళ్ళ తరువాత. మహాభారతం అరణ్యపర్వంలోని కలియుగ వర్ణనను గురించిన ఒక ఆంగ్లవ్యాసాన్ని తెలుగు చేస్తూ, ఎడూకాలను పూజిస్తారన్న చోట ‘సమాధులను పూజిస్తారు’ అని వ్రాసినాను. వ్రాతప్రతి చూచిన ఒక వృద్ధపండితుడు అంచున పెన్సిలుతో ఒక వాక్యం చేర్చి పంపినారు: ‘సమాధిని పూజించడం కలి లక్షణమైతే, మంత్రాలయం పోయి వచ్చే మనమంతా ఏమౌతాము?’ నేను సిగ్గుపడి ఆ మాట కొట్టివేసి ‘బౌద్ధస్తూపాలు’ అని మార్చినాను. ప్రతి మళ్ళీ తిరిగి వచ్చింది. ఈసారి అంచున ఉన్న ప్రశ్న ఇంకా చిన్నది: ‘ఇది మూలంలో ఉన్నదా, మీ మనస్సులో ఉన్నదా?’

ఆ రెండు ప్రశ్నలకూ సమాధానం వెదకబోయి సంగ్రహించిన విషయమే ఈ వ్యాసం. చూడడానికి ఇది ఒక ప్రాత సంస్కృతపదం గొడవ. కాని పరుల చావును, పరుల భక్తిని మన భాషలోనికి తెచ్చేటప్పుడు ఏ పేరు పెట్టాలన్నది అనువాదం చేసే ప్రతివానికీ ఎదురయ్యే ప్రశ్న. అందుచేత ఈ చర్చ ఒక్క పదంతో తీరేది కాదు.

ముందుగా భారతంలోని సందర్భం చూతము. వనవాసంలో ఉన్న ధర్మరాజు వద్దకు మార్కండేయమహర్షి వస్తాడు. యుగాలన్నిటినీ కన్నులారా చూచిన చిరంజీవి ఆయన. ధర్మరాజు అడుగగా కలియుగాంతం ఎట్లుండేదీ వర్ణిస్తాడు. లోకమంతా తలక్రిందులవుతుంది, వర్ణాల వరుస తారుమారవుతుంది, జనులు దేవతలను విడిచి ఎడూకాలను పూజిస్తారు, మహర్షుల ఆశ్రమాలలో, బ్రాహ్మణుల నివాసాలలో, దేవస్థానాలలో, చైత్యాలలో, నాగుల ఆలయాలలో భూమి ఎడూకాల గుర్తులతో నిండుతుందే గాని దేవగృహాలతో అలంకృతమై ఉండదు అని ఆ మాటల సారాంశం. పుణెలోని భండార్కర్ సంస్థ వెలువరించిన సంశోధిత ప్రతిలో ఈ భాగం ఆరణ్యకపర్వం 188వ అధ్యాయంలో ఉన్నది. ఆ పర్వాన్ని సుక్థంకర్ పరిష్కరించగా 1942లో ముద్రితమైనది.

ఈ మాటలలో పాఠకులు తొందరలో గమనించని విశేషం ఒకటి ఉన్నది. ఎడూకాలు ఆక్రమించే పవిత్రస్థలాల వరుసలో చైత్యం కూడా ఉన్నది. అంటే ఈ వాక్యం పలికినవాని దృష్టిలో చైత్యం చెడిపోరాని చోటు, ఎడూకం దానిని చెరిచే వస్తువు. చైత్యమంటే బౌద్ధులదే అని, ఎడూకమంటే బౌద్ధస్తూపమే అని ఒక్క ఊపున తేల్చివేస్తే, బౌద్ధుల చైత్యాన్ని బౌద్ధుల స్తూపం చెరుస్తున్నదనే వింత అర్థం వస్తుంది. చైత్యమనే మాట బౌద్ధులకు ముందునుండీ ఉన్నదే. పూజ్యమైన వృక్షానికీ, యక్షస్థానానికీ, చితిపైన లేచిన దిబ్బకూ కూడా ఆ పేరు చెల్లింది. అమరసింహుడు చైత్యాన్ని ఆయతనంతో సమానంగా చెప్పినాడు. కనుక భారతవాక్యంలోని ఎడూకం బౌద్ధులనే ఉద్దేశించినదని ఎంతమంది భావించినా, ఆ శ్లోకాలలో బౌద్ధుల పేరు లేదు. ఉన్నదల్లా ఎముకలున్న కట్టడం, దానికి పూజ, ఆ పూజ పట్ల ఏవగింపు.

ఈ పదం దగ్గర అనువాదకులు, నిఘంటుకర్తలు అందరూ తలా ఒక దారి పట్టినారు. 1883 మొదలు 1896 వరకు భారతాన్ని సమగ్రంగా ఆంగ్లీకరించిన కిసరీ మోహన్ గంగూలీ ఎడూకానికి పేరు పెట్టక, అమరకోశంలోని వివరణనే వాక్యంగా విప్పి, గోడలలో నిక్షేపించిన ఎముకలను పూజిస్తారని వ్రాసినారు. మోనియర్ విలియమ్స్ నిఘంటువు ఎముకలను గాని, ఎముకలవంటి గట్టి పదార్థాలను గాని లోపల ఇమిడ్చిన కట్టడమని చెప్పి, బౌద్ధుల పూజాస్థానమన్న అర్థాన్ని కూడా చేర్చింది. మొదటిది జాగ్రత్త, రెండవది జాగ్రత్తతోపాటు ఒక ఊహ. ఆ ఊహ తరువాతివారికి నిశ్చయమైపోయింది. నా వ్రాతప్రతిలోని రెండవ తప్పు ఆ నిశ్చయంనుండి పుట్టినదే.

ఇక్కడ అమరసింహుని మాట మరొకసారి తలచుకోవాలి. ఆయన బౌద్ధుడని మన సంప్రదాయం. భారతంలో హేయంగా వినిపించిన మాట ఆయన చేతిలో ఏ రాగద్వేషమూ లేక గోడల వరుసలో నిలిచింది. పొగడ్త లేదు, తెగడ్త లేదు. ఎడూకం తన మతస్థుల స్తూపానికి శత్రువులు పెట్టిన తిట్టుపేరు మాత్రమే అయితే, దానిని ఆయన ఇంత నిర్వికారంగా గృహనిర్మాణ పదాల నడుమ చేర్చి ఉంటాడా? చేర్చడని ఖండితంగా చెప్పలేము. కాని ఆ పదానికి తిట్టు కాని జీవితం కూడా ఒకటి ఉన్నదని ఇంతవరకు ఊహింపవచ్చును.

ఆ రెండవ జీవితం విష్ణుధర్మోత్తర పురాణంలో కనబడుతుంది. చిత్రలేఖనం, ప్రతిమాలక్షణం, నృత్తం మొదలైన కళలను వివరించే దాని తృతీయఖండం కళాచరిత్రకారులకు సుపరిచితం. 1958లో ప్రియబాలా షా పరిష్కరణతో అది గాయక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో వెలువడింది. అందులో 84వ అధ్యాయం ‘ఐడూక’ నిర్మాణాన్ని చెప్పుతుంది. ఎడూకమే ఇక్కడ ఐడూకమైనది. ఒకదానిపై ఒకటిగా మూడు భద్రపీఠాలు; నాలుగు దిక్కులా మెట్లు; పైన లింగాకారం; దానిపైన పదమూడు భూమికలు; ఆపైన ఆమలసారకం; దానిపైన చంద్రునితో అలంకరించిన యష్టి. నాలుగు వైపులా నలుగురు లోకపాలురు కవచధారులై నిలుస్తారు. వారి పేర్లు విరూఢకుడు, ధృతరాష్ట్రుడు, విరూపాక్షుడు, కుబేరుడు. ఐడూకాన్ని పూజించినవాడు జగత్తునంతటినీ పూజించినవాడవుతాడని అక్కడ ఫలశ్రుతి.

శిల్పం ఎరిగినవారు ఈ వర్ణన వినగానే ఉలికిపడతారు. ఇంద్రుడు, యముడు, వరుణుడు, కుబేరుడు అన్నది మనకు అలవాటైన దిక్పాలకుల వరుస. విరూఢక ధృతరాష్ట్ర విరూపాక్షులు ఆ వరుసలోని వారు కారు. కుబేరునితో కూడి వారు బౌద్ధుల చతుర్మహారాజులు, స్తూపానికి నాలుగు దిక్కులా కాపున్నవారు. పదమూడు భూమికలు స్తూపశిఖరం మీది పదమూడు ఛత్రాలను తలపిస్తాయి. యష్టి స్తూపం నడినెత్తిన నిలిచే దండం. అయితే నడుమ ఉన్నది అండం కాదు, లింగం. బౌద్ధస్తూపం తన అంగాలను చాలవరకు నిలుపుకొని, నడిబొడ్డు మాత్రం మార్చుకొని, పురాణంలో ప్రవేశించినది. ప్రతాపాదిత్య పాల్ వంటి కళాచరిత్రకారులు ఈ పోలికను విపులంగా చర్చించినారు.

ఇంకొక సంగతి ఉన్నది. విష్ణుధర్మోత్తరం వజ్రుడనే రాజుకు, ఒక మహర్షికి నడుమ సాగిన సంవాదం. ఆ మహర్షి మార్కండేయుడే. భారతంలో ధర్మరాజుకు ఎడూకపూజ కలికాలపు పతనమని చెప్పిన నోరే, పురాణంలో వజ్రునికి ఐడూకపూజ సర్వలోకపూజ అని చెప్పుతున్నది. ఇద్దరు మార్కండేయులు వేరువేరు కాలాల కర్తల సృష్టి అని చరిత్రకారుడు అంటాడు, అది నిజమే. కాని సంప్రదాయం వారిని ఒక్కనిగానే తలచింది. చిరంజీవికి అభిప్రాయం మార్చుకొనేటందుకు వ్యవధి ఉంటుంది కాబోలు. ఒక మాట నాలుగైదు వందల ఏళ్ళలో తిట్టునుండి స్తుతికి ప్రయాణం చేసిందని, ఆ ప్రయాణానికి ఒకే మహర్షి సాక్షి అని మనము గ్రహించవలసి ఉన్నది. రెండవ గ్రంథం ఎరుగక మొదటి గ్రంథాన్ని అనువదించినవాడు ఈ పదానికి ఒక్క ముఖమే చూపగలుగుతాడు.

పురాణంలోని వర్ణన కేవలం కాగితం మీది కట్టడం కాదు. ఉత్తరప్రదేశ్‌లో బరేలీ జిల్లాలోని అహిచ్ఛత్రలో 1940 మొదలు 1944 వరకు పురావస్తుశాఖ త్రవ్వకాలు జరిపింది. అక్కడ అంతస్తులు అంతస్తులుగా పైకి సన్నగిలుతూ పోయే ఇటుకల శివాలయం ఒకటి బయటపడింది. ఇప్పుడు ఢిల్లీ జాతీయ ప్రదర్శనశాలలో ఉన్న మట్టి గంగాయమునల మూర్తులు ఆ ఆలయానివే. వాసుదేవ శరణ్ అగ్రవాలా ఆ కట్టడాన్ని విష్ణుధర్మోత్తరం చెప్పిన ఐడూకంగా గుర్తించినారు. అట్లయితే ఎముకల గోడ గుప్తుల కాలానికి శివుని మేడగా నిలిచినదన్న మాట.

ఇక పదం పుట్టుక. మన వైయాకరణులు దీనిని ‘ఈడ్’ అనే స్తుత్యర్థక ధాతువునుండి ఉణాదులలో సాధించినారు. స్తుతింపబడేది కనుక ఎడూకం. ఉణాదులు వంశం తెలియని పదాలకు గోత్రం కల్పించే చోటని చదువరులు ఎరుగుదురు. గోత్రం కల్పించడం అబద్ధమాడడం కాదు; పదాన్ని ఇంటిలోనికి చేర్చుకొనే మర్యాద అది. కాని ఆ మర్యాదను చరిత్రగా తీసికొనరాదు. ఎముకలను గూర్చి ఒక్క అక్షరమైనా చెప్పని వ్యుత్పత్తి, ఎముకలే లక్షణంగా గల వస్తువుకు చాలదు.

ఆధునికులు ఈ పదాన్ని వేరొక దిక్కున వెదకినారు. ద్రావిడభాషలలో ఎముకకు ఉన్న పేళ్ళు చూడండి. తమిళంలో ఎలుంబు, ఎన్బు, మలయాళంలో ఎల్లు, కన్నడంలో ఎలువు, ఎలుబు, తుళులో ఎలు. మన తెలుగులో నడిమి లకారం జారిపోయి ఎమ్ము, ఎముక అయినవి. వీటన్నిటికీ మూలమైన ‘ఎల్’, ‘ఎలు’ అనే రూపంనుండి ఎడూకం వచ్చినదని ఒక వాదం ఉన్నది. ఫ్రాంక్ రేమండ్ ఆల్చిన్ 1957లో లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థ పత్రికలో ఈ సంస్కృతశబ్దాన్ని, దాని పాలి రూపాన్ని గురించి ప్రత్యేకించి ఒక వ్యాసమే వ్రాసినారు. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊట్నూరు బూడిదదిబ్బను త్రవ్విన పురావస్తుశాస్త్రవేత్త ఆయనే. మన నేలలోని ప్రాత దిబ్బలను చేతితో తాకి ఎరిగినవాడు.

ఈ వాదానికి అనుకూలంగా అర్థం నిలుస్తుంది. అమరుని వివరణలో ఎముకయే ప్రాణం. ప్రతికూలంగా ధ్వని నిలుస్తుంది. ద్రావిడరూపాలలో ఉన్నది లకారం. సంస్కృతంలో ఉన్నది డకారం. రెండు అచ్చుల నడుమ డకార ళకారాలు మారడం ఆర్యభాషలలో వింత కాదు. ఋగ్వేదం అధ్యయనం చేసేవారు ‘ఈడే’ అన్నదానిని ‘ఈళే’ అని పలుకుతారు. సంస్కృతంలోని షోడశ పాలిలో సోళస అవుతుంది. ప్రజల నోట లకారంతో గాని ళకారంతో గాని ఉన్న మాటను సంస్కరించి వ్రాయబూనినవాడు డకారం పెట్టి ఉండవచ్చును. సాధ్యమే, కాని సిద్ధమని చెప్పరాదు. ఈ భేదాన్ని మనము మరువరాదు. ‘ఎముక’కు, ‘ఎడూకా’నికి చెవికి తోచే చుట్టరికం ఎంత ముచ్చట గొలిపినా, సంస్కృతానికి సమాధిపదాన్ని ఇచ్చినది మన తెలుగే అని సభలలో చాటడానికి ఇది చాలదు. ఆ పదం నిజంగా ద్రావిడమే అయినా అది ఇచ్చినవారు తెలుగువారని గాని, తమిళులని గాని చెప్పేటందుకు ఆధారం లేదు.

వాదం నిజమనుకొంటే దానినుండి వచ్చే ఫలితం గర్వంకంటె గంభీరమైనది. ఒక జాతి మరొక జాతి వస్తువును చూచి దానికి తన భాషలో పేరు లేక, వారి పేరునే ఎత్తుకొంటుంది. ఎముకలను ఏరి కట్టడంలో దాచడం సంస్కృతం మాటలాడేవారిలో కొందరికి పరాయి ఆచారంగా కనిపించినదని ఈ పదమే సాక్ష్యమిస్తుంది. ఇందుకు ఇంకా ప్రాతదైన ఉపపత్తి శతపథబ్రాహ్మణంలో ఉన్నది. అక్కడ శ్మశానమంటే మనము నేడు అనుకొనే కాటిభూమి కాదు. చనిపోయినవాని అస్థులపై కట్టే దిబ్బ. దేవతల పక్షంవారు దానిని చతురస్రంగా కట్టుతారని, అసురపక్షంవారు, ప్రాచ్యులు మొదలైనవారు గుండ్రంగా కట్టుతారని ఆ గ్రంథం వేరుపరుస్తుంది. మొదటివారు దానిని భూమితో ఎడమలేకుండా నిలుపుతారట. రెండవవారు నడుమ ఏదో పాత్రవంటి దానితో భూమినుండి వేరుచేస్తారట. గుండ్రని దిబ్బ, భూమికి తగులని అస్థిపాత్ర అనగానే తూర్పుదేశపు స్తూపం మనకు స్ఫురించక మానదు. అంటే బుద్ధుని పేరు ఎత్తని చోటనే, సమాధి ఆకారాన్ని బట్టి మనవారెవరు, పరులెవరు అని తేల్చే అలవాటు ఉన్నది. మార్కండేయుని ఏవగింపు ఆ అలవాటుకు వారసురాలు.

దక్షిణాపథంలో ఎముకలను దాచే ఆచారం ఎంత ప్రాతదో చెప్పడానికి మనకు పుస్తకాలు అక్కరలేదు. తెలంగాణలోనూ, రాయలసీమలోనూ, కృష్ణా తీరంలోనూ బండరాళ్ళు పేర్చి కట్టిన ఇనుపయుగపు సమాధులు నేటికీ ఉన్నవి. మృతదేహాన్ని ముందు వేరొకచోట ఉంచి, మాంసం పోయిన తరువాత కొన్ని ఎముకలను మాత్రం ఏరి, కుండలతో ఇనుపపనిముట్లతో కూడా రాతిగూటిలో నిక్షేపించడం వాటిలో పలుచోట్ల కనిపించిన పద్ధతి. గోడ, గోడలోపల ఎముకలు అన్న అమరుని వివరణకు ఇంతకంటె సూటియైన ఉదాహరణ వెదకబోతే దొరకదు. మన పల్లెప్రజ వీటిని రాక్షసగుళ్ళు అన్నది. కొన్నిచోట్ల పాండవగుళ్ళు అన్నది. కట్టినవారెవరో మరచినప్పుడు, జనం వారిని రాక్షసులనైనా చేస్తుంది, పాండవులనైనా చేస్తుంది. తమ తాతలని మాత్రం అనదు.

కృష్ణాతీరపు బౌద్ధం కూడా ఎముకల చుట్టూ అల్లుకొన్నదే. భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వినప్పుడు రాతిపేటికలు, వాటిలో స్ఫటికపు భరిణెలు బయటపడినవి. పేటికల మీది ప్రాకృతశాసనం అందులో ఉంచినవాటిని బుద్ధుని ‘శరీరాలు’ అన్నది. ఒక్కనికి ఒక్కటే శరీరం కదా, ఇక్కడ బహువచనం. బౌద్ధపరిభాషలో శరీరమంటే దహనానంతరం మిగిలిన అస్థిశకలం. దానికే ధాతువని మరొక పేరు. ధాతువును గర్భంలో ధరించినది ధాతుగర్భం. సింహళంలో అదే దాగబ అయినది. ఎముకను ఎముక అనక శరీరమని, ధాతువని పిలవడంలో ఆ భక్తుల మనస్సు తెలుస్తున్నది. అదే వస్తువును బయటివాడు చూచినప్పుడు వానికి కనిపించినది కీకసం, అంటే వట్టి ఎముక.

బయటివాడు ఎంత కఠినంగా చూడగలడో మన ఊళ్ళ పేర్లే చెప్పుతవి. భట్టిప్రోలులోని ఆ మహాస్తూపం దిబ్బకు ఊరివారి నోట నిలిచిన పేరు లంజదిబ్బ. బుద్ధుని శరీరధాతువును దాచిన చోటు అది. అదే కృష్ణాతీరంలో అమరావతి స్తూపపు దిబ్బకు దక్కిన పేరు దీపాలదిన్నె. ఒకచోట నింద, ఒకచోట వెలుగు. ఈ పేళ్ళు పెట్టినవారు మార్కండేయుని ఉపన్యాసం విని పెట్టలేదు. తెలుగుదేశంలో బౌద్ధం మరుగైన తరువాత దిబ్బ మిగిలింది, అర్థం పోయింది. పోయిన చోట ఎవరికి తోచిన మాట వారు పెట్టినారు. ఎడూక శబ్దానికి గ్రంథాలలో పట్టిన గతి, భట్టిప్రోలు దిబ్బకు వాడుకలో పట్టింది.

నాగార్జునకొండ శాసనాలలో మరొక అందమైన పదం ఉన్నది: ఛాయాస్తంభం. చనిపోయిన రాజు, యోధుడు, పనివాడు మొదలైనవారి స్మృత్యర్థం నిలిపిన రాతికంబం అది. ఇక్ష్వాకురాజు చాంతమూలుని కోసం ఆయన బంధుస్త్రీలు నిలిపిన కంబం వీటిలో ప్రసిద్ధమైనది. ఛాయ అంటే నీడ. పోలిక, ప్రతిబింబం కూడా. ఎడూకం మృతుని ఎముకను దాచుకొన్నది. ఛాయాస్తంభం మృతుని నీడను దాచుకొన్నది. ఒకే లోయలో రాతిసమాధులు, ధాతువులున్న చైత్యాలు, ఛాయాస్తంభాలు ఇరుగుపొరుగున ఉండేవి. 1954 మొదలు 1960 వరకు సాగిన త్రవ్వకాల తరువాత, సాగర్ జలాశయం ఆ లోయను ముంచివేసింది. ఎత్తి తెచ్చినవి మాత్రం ద్వీపంలోని ప్రదర్శనశాలలో ఉన్నవి.

ఇక నా మొదటి తప్పునకు వస్తాను. ఎడూకాన్ని ‘సమాధి’ అనడంలో దోషమేమి? సమాధి మొదట సమాధి కాదు. యోగంలో అది చిత్తం ఏకాగ్రమై నిలిచే స్థితి. సన్న్యాసిని దహనం చేయక కూర్చుండబెట్టి పూడ్చే ఆచారంలో, ఆయన చనిపోలేదు, సమాధిలో ఉన్నాడు అన్న భావన ఉన్నది. ఆ భావన చోటికి పేరైనది. కందిమల్లాయపల్లెలోని వీరబ్రహ్మంగారి జీవసమాధి దగ్గర ఆ మాటకు ఇంకా మొదటి అర్థమే ఉన్నది. ఆపైన అది వ్యాపించి నేడు ఏ మతంవాని గోతికైనా చెల్లుతున్నది. కాని లోపల ఆ యోగార్థం చల్లారలేదు. అందుచేతనే అది గౌరవవాచకం. మంత్రాలయంలో 1671లో రాఘవేంద్రస్వామి ప్రవేశించిన చోటును మాధ్వులు సమాధి అని కూడా అనరు, బృందావనమంటారు. పారసీకంలోని గోర్ తెలుగులో గోరీ అయినది; మహమ్మదీయ ప్రభువుల కట్టడాలను తలపింపక అది పలకదు. గురువు గోరీ చుట్టూ దీపాలు, ఉరుసులు చేరితే అది దర్గా. ఆ మాటకు కొలువు, వాకిలి అని అర్థం. తెలంగాణ పల్లెలో పేదవాని గోయి బొంద. బొందలు ఉన్న చోటు బొందలగడ్డ. కోస్తాలో వల్లకాడు.

ఈ మాటలన్నీ ఒక్క వస్తువుకు పర్యాయపదాలని నిఘంటువు అంటుంది. వాడుక అనదు. సమాధి, బృందావనం, గోరీ, దర్గా, బొంద అన్న ప్రతి మాటకూ కులం, మతం, ఆస్తి, ఊరు అంటుకొని ఉన్నవి. ఎడూకం ఉన్న చోట సమాధి అని వ్రాస్తే, మూలంలోని ఏవగింపును మన గౌరవవాచకానికి అంటగట్టినవాడనవుతాను. బ్రహ్మంగారిని కొలిచే చదువరి తనను తిట్టినారనుకొంటాడు. గోరీ అని వ్రాస్తే, ఆ శ్లోకం పుట్టిన వందల ఏళ్ళ తరువాత వచ్చిన పొరుగువాని మీదికి ఆ తిట్టును మళ్ళించినవాడనవుతాను. అది అనువాదం కాదు, అభియోగం. బౌద్ధస్తూపమని వ్రాస్తే మూలం చెప్పని మాట చెప్పినవాడనవుతాను. ‘పవిత్రస్థలాలు’ అని మెత్తగా వ్రాస్తే మూలం చెప్పిన ఏవగింపును దాచినవాడనవుతాను. పదును పెంచడం ఎంత తప్పో, తగ్గించడం కూడా అంతే తప్పు.

చివరకు నేను చేసినది చాల చిన్న పని. ఎడూకం అన్న మాటను అట్లే ఉంచినాను. మొదటిసారి వచ్చిన చోట ‘అస్థులను లోపల నిక్షేపించి కట్టిన కట్టడం’ అని అమరుని వివరణను వాక్యంలోనే కలిపినాను. ఆ తరువాత వట్టి ఎడూకమే. చదువరికి ఆ మాట పరాయిగా తోస్తుంది, తోయనీ. మార్కండేయుని శ్రోతకు ఆ వస్తువు పరాయిగానే తోచింది కదా. పరాయితనమే అక్కడ అర్థంలో సగం. ఇంటిమాట పెట్టి దానిని చెరిపివేసే అధికారం అనువాదకునికి లేదు.

దీనినుండి ఒక సూత్రం చేయబూనను. ప్రతి క్లిష్టపదాన్నీ అట్లే వదలివేస్తే తెలుగుసేత ఎందుకని ఎవరైనా అడుగవచ్చును, ఆ అడగడం న్యాయమే. బిందె, వాకిలి, వాన వంటివాటికి మన మాట వెదకి పెట్టవలసినదే. కాని ఒక మాట ఒకరి పూజను మరొకరు చూచిన చూపును మోస్తున్నప్పుడు, ఆ చూపు ఎవరిదో తెలియజేయడం మన విధి. మన చేతిలోని తెలుగుమాట ఆ చూపును మరొకరిమీదికి త్రిప్పుతున్నదేమో సరిచూచుకోవడం కూడా మన విధియే. సంస్కృతంనుండే కాదు, ఉర్దూనుండి, తమిళంనుండి, మరాఠీనుండి తెలుగు చేసేవారందరికీ ఇటువంటి మాట ఏదో ఒకనాడు ఎదురుపడుతుంది.

సవరించిన ప్రతిని ఆ పండితునికి పంపినాను. ఈసారి అంచున ప్రశ్న లేదు. ఎడూకం అన్న మాట క్రింద పెన్సిలుతో సన్నని గీత, దాని ప్రక్కన ‘ఎముక?’ అని ఒక్క మాట మాత్రం ఉన్నవి. ఆ ప్రశ్నార్థకాన్ని ఆయన కావాలనే ఉంచినారని నా నమ్మకం. నేనూ దానిని అట్లే ఉంచుతున్నాను.